మా సన్నాయి గొంతెత్తితే: జాగిలం అరుపుల్ని అర్థం చేసుకోవడం ఎలా?

మా బీగిల్‌కి సన్నాయి అని పేరు పెట్టింది మేమే. కాబట్టి ఆ తర్వాత జరిగినదానికి దాన్ని అనడానికి లేదు.

హైదరాబాద్ తార్నాకలో మాది మూడో అంతస్తు. అది మా ఇంటికొచ్చిన నాలుగో రోజు, రాత్రి పదకొండున్నరకి మెయిన్ రోడ్డు మీద అంబులెన్స్ పోయింది. సన్నాయి లేచి కూర్చుంది. మెడ పైకెత్తి, మూతి సున్నాలా చుట్టి, ఊపిరి ఉన్నంతసేపు ఊళ వేసింది. పొద్దున లిఫ్టు దగ్గర పై అంతస్తు అవ్వ నన్ను ఆపింది.

"ఏం బిడ్డా, రాత్రి మీ కుక్క ఏడ్చింది గదా. మంచిది కాదు."

"ఏడుపు కాదవ్వా, అంబులెన్స్‌కి బదులు పలికింది."

"అంబులెన్స్‌కా? అట్లయితే అసలే మంచిది కాదు."

అవ్వతో వాదించి గెలవలేదు కానీ, ఆ మాట పట్టుకుని కుక్క గొంతు గురించి నేర్చుకోవడం మొదలుపెట్టాను. మీ ఇంట్లోనూ బీగిలో, బాసెట్ హౌండో, మన ఊళ్లో ఎక్కువగా కనిపించే డాషుండో ఉంటే ఇక్కడి సంగతులు పనికొస్తాయి. ఇంకా తెచ్చుకోకపోతే మరీ పనికొస్తాయి.

ముందు ఈ గొంతు ఎందుకిలా ఉందో

తెలుగులో వేటకుక్కకి జాగిలం అని ఒక చక్కటి మాట ఉంది. ఇప్పుడది ఎక్కువగా పేపర్లలో, పోలీసుల పక్కన కనిపిస్తోంది. మొయినాబాద్ శిక్షణ అకాడమీలో తయారై బాంబులు వెతికే కుక్కలన్నీ విలేకరులకి జాగిలాలే, వాటిలో లాబ్రడార్లున్నా సరే. అసలు అర్థంలో జాగిలాలు రెండు రకాలు. చూపుతో వేటాడేవి, వాసనతో వేటాడేవి. కర్ణాటకలోని ముధోల్ కుక్క మొదటి రకం. సన్నటి నడుము, పొడుగు కాళ్లు. 2005లో తపాలా శాఖ దాని బొమ్మతో స్టాంపు కూడా వేసింది. కంటికి కనిపించే కుందేలు వెంట పరుగెత్తేదానికి అరవాల్సిన పనేముంది? అరిస్తే దమ్ము దండగ. అందుకే ఆ రకం కుక్కలు మామూలుగా పెద్దగా అరవవు.

బీగిల్ రెండో రకం. ఇంగ్లండులో కుందేళ్ల వేటకి గుంపులుగా పెంచిన కుక్క. వేటగాళ్లు గుర్రాలెక్కకుండా కాలినడకన వెనక వచ్చేవాళ్లు. పొదల్లోకి దూరిన కుక్క ఎక్కడుందో వాళ్లకెలా తెలియాలి? తోక చివర తెల్లగా ఉండటం ఒక గుర్తయితే, అసలు గుర్తు గొంతు. "వాసన దొరికింది, ఇటే పోతున్నా, రండి" అని దూరానికి వినిపించేలా చెప్పడమే దాని ఉద్యోగం. నోరు మూసుకుని పరుగెత్తేదాన్ని వేటగాళ్లు గుంపులో ఉంచుకునేవాళ్లు కాదు, గొంతున్నవాటికే పిల్లలు పుట్టించేవాళ్లు. తరతరాలుగా అలా ఏరికోరి పెంచిన గొంతును మనం తెచ్చి రెండు పడగ్గదుల ఫ్లాట్‌లో పెట్టాం.

ఇది అర్థమైతే సగం కోపం తగ్గుతుంది. జాగిలం అరుపు పొగరు కాదు, మొండితనమూ కాదు. దాన్ని పూర్తిగా ఆపాలనుకుంటే మీరు ఓడిపోతారు. అరుపుకి వేళ, చోటు నేర్పడం వరకు సాధ్యం, అది చాలు కూడా.

మొదటి పని: ఒక వారం వినండి, రాయండి

శిక్షణ అప్పుడే వద్దు. పాత నోటుబుక్కు ఒకటి ఫ్రిజ్ మీద పెట్టుకోండి. అరిచిన ప్రతిసారీ నాలుగు సంగతులు రాయాలి: టైమెంత, ఎలాంటి శబ్దం, దానికి ముందు ఏం జరిగింది, అరిచాక ఏం దొరికింది. నాలుగోది చాలామంది రాయరు. గుట్టంతా దానిలోనే ఉంటుంది.

శబ్దాలు గుర్తుపట్టడానికి మన భాషలో సరిపడా మాటలున్నాయి. పొట్టిపొట్టిగా, తెంపుతెంపుగా వచ్చేది మొరుగు: తలుపు దగ్గర ఎవరో ఉన్నారు, బాల్కనీ కింద పిల్లి పోతోంది. తల పైకెత్తి ఒకే శ్రుతిలో లాగేది ఊళ: దూరంగా ఉన్న ఇంకో గొంతుకి బదులు, లేదంటే "నేనొక్కణ్నే ఉన్నా" అన్న కబురు. ముక్కులోంచి సన్నగా వచ్చే మూలుగు ఏదో కావాలనో, ఏదో నొప్పి అనో. గుర్రుమనడం హెచ్చరిక. దీన్ని మాత్రం ఎప్పుడూ తిట్టి అణచొద్దు. గుర్రుమనడం మానేసిన కుక్క నేరుగా కరుస్తుంది.

ఇక మిగిలింది బీగిల్ సొంత సొత్తు. మొరుగుకి, ఊళకి మధ్యలో, గొంతు పగిలినట్టు, సాగదీసి సాగదీసి "ఔఔఔ" అని వచ్చేది. వాసన తగిలినప్పటి కేక అది. దీనికి తెలుగులో విడిగా పేరున్నట్టు నాకు తట్టలేదు. ఉస్మానియా క్యాంపస్‌లో ఒక కుర్రాడు "అన్నా, అదెందుకట్ల ఒర్లుతుంది?" అని అడిగాడు. ఆ రోజు నుంచి మా నోటుబుక్కులో అది 'ఒర్లుడు'.

వారం తర్వాత పేజీలు తిరగేస్తే మాకు తేలిందిది. పొద్దున ఆరున్నర దాటాక చెత్త తీసుకెళ్లే స్వచ్ఛ ఆటో పాటకి ఊళ. మధ్యాహ్నం డెలివరీ కుర్రాళ్లకి మొరుగు. రాత్రి పదకొండు తర్వాత వీధికుక్కలకి జవాబు. భోజనాల వేళ మూలుగు, దాని పక్క గడిలో "నాన్న బిస్కెట్ ఇచ్చాడు" అని ఆరు రోజులు వరసగా. మేం ఇంట్లో లేనప్పుడు ఏం చేస్తుందో తెలియక పాత ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి బయటికెళ్లాం. పన్నెండు నిమిషాలు నిశ్శబ్దం, ఆ పైన ఇరవై నిమిషాలు ఏకధాటిగా ఊళ. పక్కింటివాళ్లు అప్పటిదాకా మాకు చెప్పకపోవడం వాళ్ల మర్యాద.

రెండో పని: ఒంట్లో బాగుందో లేదో చూడండి

ఉన్నట్టుండి అరుపులు మారితే శిక్షకుడి కన్నా ముందు పశువుల డాక్టరు. బీగిల్ చెవులు వేలాడుతుంటాయి, లోపల గాలి ఆడదు. వానాకాలంలో చీము పడుతుంది. తల విదిలించడం, చెవి గోక్కోవడం, రాత్రిపూట మూలగడం కలిసి కనిపిస్తే అనుమానించాల్సిందే. పొదల్లో తిరిగొచ్చాక వేళ్ల సందుల్లో, చెవుల వెనక గోమార్లు వెతకండి. ముసలి కుక్క అర్ధరాత్రి లేచి గోడకేసి చూస్తూ అరుస్తుంటే అది మతి మసకబారడం కావచ్చు, దానికీ వైద్యం ఉంది. మామూలు క్లినిక్‌లో తేలకపోతే రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉండనే ఉంది.

మూడో పని: కారణాల్ని కనబడకుండా చేయండి

ఇది అన్నిటికన్నా తేలిక, అందుకే ఎవరూ పట్టించుకోరు. బాల్కనీ గ్రిల్లు దగ్గర కుక్కని వదిలేస్తే అది దానికి రోజంతా కాపలా డ్యూటీ. కింద మనిషి వస్తాడు, ఇది మొరుగుతుంది, మనిషి వెళ్లిపోతాడు. వాడి పని మీద వాడు వెళ్లాడని దానికి తెలియదు. తన అరుపుకే పారిపోయాడనుకుంటుంది. రోజుకి నలభైసార్లు గెలుస్తున్నవాడు ఆట మానేస్తాడా?

గ్రిల్లు కింది సగానికి ఆకుపచ్చ నెట్ కట్టాం. కిటికీ అద్దానికి కింది వైపు పాల రంగు స్టిక్కర్ అంటించాం. దాని పడకని వీధి వైపు గదిలోంచి లోపలి గదికి మార్చాం. వేసవిలో కూలర్ హోరు, మిగతా రోజుల్లో ఎఫ్ఎం చిన్నగా. డెలివరీవాళ్లకి "బెల్ కొట్టొద్దు, ఫోన్ చేయండి" అని తలుపు మీద చీటీ. మొరుగు సగానికి సగం తగ్గింది, కుక్కకి ఒక్క ముక్క నేర్పకుండానే.

నాలుగో పని: ముక్కుకి పని

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మిగతావన్నీ దీని మీదే నిలబడతాయి.

ముక్కుకి పని లేని బీగిల్ నోటికి పని చెబుతుంది. అమెరికా విమానాశ్రయాల్లో సామాన్లు వాసన చూసి పండ్లు, మాంసం పట్టుకోవడానికి బీగిళ్లని పెట్టింది ఊరికే కాదు. 1984లో లాస్ ఏంజెలెస్‌లో మొదలుపెట్టారు. ఊరగాయ సీసాలతో దిగే మన తల్లిదండ్రుల్లో చాలామందికి వాటితో ముఖపరిచయం ఉంది. పని దొరికిన బీగిల్ అంత రద్దీలోనూ నోరెత్తకుండా ఒక సూట్‌కేస్ పక్కన బుద్ధిగా కూర్చుంటుంది.

ఇంట్లో చేయగలిగింది: గిన్నెలో తిండి పెట్టడం మానేయండి. కనీసం ఒక పూట. పాత తువ్వాలు పరిచి, గుప్పెడు తిండి గింజలు చల్లి, చాపలా చుట్టేసి ఇవ్వండి. అట్టపెట్టెలో నలిపిన పాత పేపర్లు నింపి మధ్యలో ఉడికించిన చికెన్ ముక్కలు దాచండి. ఆరితేరాక ఇల్లంతా ఐదారు చోట్ల క్యారెట్ ముక్కలు దాచి "వెతుకు" అనండి. పదిహేను నిమిషాల వెతుకులాట దాన్ని బాగా అలసిపోయేలా చేస్తుంది. ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లి, చాక్లెట్ మాత్రం ఆటకి కూడా వద్దు, కుక్కకి విషం.

బయట అయితే నడక ధోరణి మార్చాలి. మనకి నడకంటే కాళ్లు; జాగిలానికి నడకంటే ముక్కు. తార్నాకలో ఉండేవాళ్ల అదృష్టం పక్కనే ఉస్మానియా క్యాంపస్. చెట్లు, రాళ్లు, పొదలు, ముంగిసలు, నెమళ్లు. సన్నాయి దృష్టిలో అదొక పెద్ద లైబ్రరీ, 1918 నుంచి నడుస్తున్న విశ్వవిద్యాలయం అన్న సంగతి దానికి అనవసరం. పెంపుడు కుక్కల్ని ఎక్కడిదాకా రానిస్తారో, ఏ వేళల్లో రానిస్తారో గేటు దగ్గర అడిగి వెళ్లండి, నిబంధనలు మారుతుంటాయి. వేసవిలో రోడ్డు కాలకముందే, పొద్దున ఏడు లోపు ఇంటికి చేరాలి. అనుమానముంటే అరచేయి వెనకవైపు తారు మీద ఐదు సెకన్లు ఆనించి చూడండి, మీకు కాలితే దానికీ కాలుతుంది.

మెడ పట్టీ బదులు ఛాతీకి వేసే హార్నెస్ వాడండి. నాలుగైదు మీటర్ల పొడుగు తాడు ఉంటే మేలు. పదిహేను నిమిషాలు దాని ఇష్టానికి వదలండి, అది ఒకే చెట్టు మొదట్లో ఏడు నిమిషాలు నిలబడినా సరే. పక్కనుంచి వాకింగ్ బూట్లవాళ్లు జాలిగా చూస్తారు, చూడనివ్వండి. తాడు విప్పడం మాత్రం ఎన్నడూ వద్దు. వాసన పట్టిన బీగిల్‌కి మీ పిలుపు వినబడదు, మెయిన్ రోడ్డు బస్సులూ కనబడవు.

ఐదో పని: 'చాలు' నేర్పడం

ఇప్పుడు శిక్షణ. కావలసినవి: వేలి గోరంత చికెన్ ముక్కలు, రోజుకి రెండుసార్లు ఐదేసి నిమిషాలు, ఇంట్లో అందరి నోటా ఒకే మాట. ఒకరు "ష్", ఒకరు "నోర్ముయ్", ఒకరు "స్టాప్" అంటే కుక్కకి అదో కవి సమ్మేళనం.

ఒకరు బయటికెళ్లి తలుపు తట్టాలి. రెండు మూడుసార్లు మొరగనివ్వండి, కబురు చెప్పడం దాని హక్కు. తర్వాత మామూలు గొంతుతో ఒక్కసారి "చాలు" అని, ముక్కని ముక్కు దగ్గరికి తెండి. ఎంతటి జాగిలమైనా గట్టిగా వాసన పీలుస్తూ అరవలేదు. ఆగుతుంది. రెండు సెకన్లు లెక్కపెట్టి ముక్క ఇచ్చేయండి. మర్నాటికి ఐదు సెకన్లు, తర్వాత పది, ఇరవై. మధ్యలో మళ్లీ మొరిగితే తిట్టొద్దు, లెక్క మొదటికి తెచ్చుకోండి. చేతిలో ముక్క చూపించకుండానే "చాలు" అంటే ఆగి మీవైపు చూసే రోజు మాకు మూడో వారంలో వచ్చింది.

పెద్దగా అరవొద్దని అందరూ చెబుతారు, ఎందుకో చెప్పరు. మీరు "ఏయ్!" అని కేకేస్తే దానికి కేక అర్థమవుతుంది, తిట్టు అర్థం కాదు. "హమ్మయ్య, ఈయన కూడా అందుకున్నాడు" అనుకుని ఇంకో పై శ్రుతి ఎత్తుకుంటుంది.

భోజనాల మూలుగుకి మందు వేరు. దాన్ని పట్టించుకోకూడదు, అంతే. కానీ ఒక హెచ్చరిక: బిస్కెట్ ఆగిపోగానే మూలుగు తగ్గదు, ముందు పెరుగుతుంది. ఇన్నాళ్లూ పనిచేసిన స్విచ్ పనిచేయకపోతే మనమూ నాలుగుసార్లు గట్టిగా నొక్కుతాం కదా. ఆ ఐదారు రోజుల్లో ఒక్కసారి లొంగారో, "గట్టిగా ఏడిస్తేనే ఇస్తారు" అని నేర్పినట్టే. మా ఇంట్లో కుక్క వారంలో నేర్చుకుంది, నాన్నకి నెల పట్టింది.

సైరన్ ఊళకి ఇంకో పద్ధతి. ఫోన్‌లో అంబులెన్స్ చప్పుడు, మీ చెవికే సరిగా వినబడనంత చిన్నగా పెట్టండి. మనకి 20,000 హెర్ట్జ్ దగ్గర ఆగిపోయే వినికిడి కుక్కకి 45,000 దాకా పోతుంది, కాబట్టి మీరు విన్నదానికన్నా అది ఎక్కువే వింటోంది. చప్పుడు మొదలవగానే చికెన్, ఆగగానే చికెన్ బంద్. రోజులు గడిచేకొద్దీ శబ్దం ఇంత పెంచండి. ఊళ వేసిందంటే మీరు తొందరపడ్డారన్నమాట, వెనక్కి తగ్గించండి. బోనాల డప్పులు, వినాయకుడి ఊరేగింపు, దీపావళి, వీటికీ ఇదే దారి, కాకపోతే రెండు నెలల ముందు మొదలుపెట్టాలి. ముందురోజు గుర్తొస్తే లోపలి గది, కూలర్ హోరు, పక్కన మీరు. అంతకుమించి ఏమీ లేదు.

క్యాంపస్‌లో ఒర్లుడు మొదలైతే తాడు గుంజొద్దు. గుంజితే ఉత్సాహం పెరుగుతుంది. నిలబడిపోండి. ఊపిరి తీసుకోవడానికి ఒక్క క్షణం ఆపుతుంది, చెవి ఒకటి మీవైపు తిరుగుతుంది. అప్పుడు "ఇటు" అని, అరచేయి కిందికి చూపి, వచ్చి ముక్కు ఆనిస్తే ముక్క ఇచ్చి, వంపు తిరిగి పక్కదారి పట్టండి. ఆర్ట్స్ కాలేజీ ముందు ఒకసారి ఇది పనిచేయలేదు. నెమలి కనబడింది. 1939 నాటి ఆ రాతి కట్టడానికి ఎదురుగా నిలబడి సన్నాయి పూర్తి కచేరీ ఇచ్చింది. నినాదాలకి పేరుబడ్డ చోటు కాబట్టి ఎవరూ ఏమనుకోలేదు.

ఆరో పని: ఒంటరితనం

బీగిల్ గుంపు కుక్క. ఒంటరిగా వదిలేస్తే వేసే ఊళకి "చాలు" పనిచేయదు, అక్కడ చెప్పడానికి మీరుండరు కాబట్టి. తాళాలు తీసుకుని బయటికెళ్లకుండా మళ్లీ కూర్చోండి, పదిసార్లు. చెప్పులు వేసుకుని టీవీ చూడండి. తాళాలకి, వెళ్లిపోవడానికి ముడి వదులవుతుంది. తర్వాత తలుపు బయట అరనిమిషం, నిమిషం, మూడు, ఐదు. ఊళ మొదలవకముందే తిరిగి రావాలి. రికార్డింగ్ ఇక్కడ అక్కరకొస్తుంది. మాకు పన్నెండో నిమిషం గీత కాబట్టి ఎనిమిది దగ్గర మొదలుపెట్టి, రెండు నెలలకి రెండు గంటలు దాటాం. వెళ్లేముందు చుట్టిన తువ్వాలు ఇచ్చి, వీడ్కోలు కబుర్లు లేకుండా వెళ్లండి.

అద్దె గదుల్లో ఉంటూ పొద్దున తొమ్మిదికి ల్యాబ్‌కెళ్లి రాత్రి ఎనిమిదికి వచ్చే రీసెర్చ్ స్కాలర్లు నన్ను "బీగిల్ తెచ్చుకోవచ్చా" అని అడుగుతుంటారు. వద్దు. మీ మంచితనం మీద అనుమానం లేదు, టైమ్‌టేబుల్ మీదే. క్యాంపస్‌లో ఎవరో ఒకరు సాకుతున్న వీధికుక్కల్లో ఒకదానితో స్నేహం చేయండి, అది మీ హాజరు అడగదు.

చేయకూడనివి

కరెంటు షాకిచ్చే పట్టీ, గంటల తరబడి మూతికి బుట్ట, గొంతు తీయించే ఆపరేషన్. ఎవరు అమ్మినా, ఎవరు సలహా ఇచ్చినా వద్దు. నొప్పితో నోరు మూయిస్తే భయం లోపలే ఉంటుంది, ఇంకోచోట కాటుగా బయటపడుతుంది. పొట్టి గొలుసుతో రోజంతా కట్టేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా.

ఏడో పని: ఇరుగుపొరుగు

జంతు సంక్షేమ బోర్డు 2015లో మార్గదర్శకాలిచ్చింది. కుక్క మొరగడం సహజం, దాన్ని సాకుగా చూపి అసోసియేషన్లు పెంపుడు కుక్కల్ని నిషేధించలేవు. ఆ కాగితమే ఇంకో మాట కూడా చెబుతుంది: ఆగకుండా అరిస్తే ఇతరులకి ఇబ్బంది, ముఖ్యంగా రాత్రిళ్లు ఊరుకోబెట్టే ప్రయత్నం యజమాని చేయాలి. వాట్సాప్ గ్రూపుల్లో కుక్కలవాళ్లు మొదటి సగం, మిగతావాళ్లు రెండో సగం ఫార్వర్డ్ చేస్తుంటారు. శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రంటే పది నుంచి ఆరు. మా చివరి నడక తొమ్మిదిన్నరకి, ఆ తర్వాత వీధి వైపు కిటికీలు బంద్. జీహెచ్ఎంసీలో కుక్క పేరు నమోదు చేయించి, రేబిస్ టీకా కాగితం దగ్గర పెట్టుకోండి. గొడవ ముదిరినప్పుడు మొదట అడిగేది అదే.

కాగితాలకన్నా ముందు మీరే వెళ్లి చెప్పండి. "కొత్త కుక్క, నేర్పుతున్నాం, రెండు నెలలు ఓర్చుకోండి, మేం లేనప్పుడు అరిస్తే ఈ నంబరుకి మెసేజ్ పెట్టండి" అన్న ముక్క మాకు బాగా పనిచేసింది. అవ్వ దగ్గర మాత్రం నేనింకో మాట వాడాను. కొల్లేరు చుట్టుపక్కల ఒకప్పుడు బాతుల మందల్ని కాసిన జోనంగి జాగిలం గురించి చెప్పి, ఇదీ అలాంటి పనికుక్కే, మేపడానికి దీనికి బాతులు దొరకలేదంతే అన్నాను. అవ్వ కాసేపు ఆలోచించి, చిన్నప్పుడు వాళ్లూళ్లో గొర్లకాడి కుక్కలు రాత్రంతా మొరిగేవని, మొరక్కపోతేనే భయమేసేదని చెప్పింది. శకునం సంగతి మళ్లీ ఎత్తలేదు. ఎత్తినా నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు రాత్రిళ్లు అంబులెన్స్ పోతే సన్నాయి తలెత్తి వంటింటి వైపు చూస్తుంది, చికెన్ వస్తుందేమోనని. స్వచ్ఛ ఆటో పాటకి మాత్రం ఇప్పటికీ గొంతు కలుపుతుంది. ఆరు దాటాకే వస్తుంది కాబట్టి వదిలేశాం. చెత్త కిందికి తీసుకెళ్లాలని బిల్డింగులో అందరికీ గుర్తొచ్చేది దాని వల్లే.